చిన్నపిల్లలతో కొండ ఎక్కి క్షేమంగా దిగడం ఎలా?

కార్తీక వనభోజనాల సందడి మొదలైందంటే తెలిసినవాళ్ళందరి నుంచీ ఒకటే ప్రశ్న. "మా బాబుకు నాలుగేళ్ళు. కొండపల్లి ఖిల్లాకు తీసుకెళ్ళవచ్చా? ఎక్కగలడా?" ఎక్కగలడు. నాలుగేళ్ళవాడు మనకంటే హుషారుగా ఎక్కుతాడు. దిగగలడా అని మాత్రం ఎవరూ అడగరు. ఇబ్బందంతా అక్కడే ఉంది.

పెద్దవాళ్ళం అలసిపోయేకొద్దీ నెమ్మదిస్తాం. పిల్లలు పరుగులు తీస్తూ తీస్తూ ఒక్కసారిగా కూలబడతారు. ఆ కూలబడేది కొండ మధ్యలో కాకుండా కారు పక్కన అయ్యేలా చూసుకోవాలి. అందుకే కింద చెప్పిన ఏర్పాట్లన్నీ దిగడం దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టినవి. ఎనిమిదేళ్ళ దాకా పిల్లలున్న ఇళ్ళకు ఇవి సరిపోతాయి.

## 1. ముందు పిల్లల లెక్క, తరువాత కొండ లెక్క

మా ఇద్దరు పిల్లలతో తిరిగి వేసుకున్న లెక్క ఇది. వైద్యశాస్త్రం కాదు, అనుభవం.

- రెండేళ్ళ లోపు: నడక లేదు, పూర్తిగా మోతే. పెద్దలు ఒక గంటలో ఎక్కి దిగగలిగే చోటికే వెళ్ళండి.
- రెండు నుంచి నాలుగేళ్ళు: సగం నడక, సగం మోత. ఎక్కేటప్పుడు నడుస్తారు, దిగేటప్పుడు చేతులు చాస్తారు.
- నాలుగు నుంచి ఆరేళ్ళు: పెద్దలు నలభై నిమిషాల్లో ఎక్కే మెట్లదారి ఎక్కగలరు, ఆగుతూ ఆగుతూ.
- ఆరు నుంచి ఎనిమిదేళ్ళు: ఉదయం పూట రెండు మూడు గంటలు తిరగగలరు. విసుగు వస్తే మాత్రం వీళ్ళే అందరికంటే మొండికేస్తారు.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే లెక్క చిన్నవారిదే. పెద్దపిల్ల సరదా పడుతోందని పెద్దకొండ ఎంచుకుంటే ఆ ఆదివారం ఎవరికీ సరదాగా ఉండదు.

ఐదేళ్ళ లోపు ప్రతి పిల్లకూ ఒక పెద్దవారు ఉండాలి. ఇద్దరు పసివాళ్ళతో అమ్మ ఒక్కతే వెళ్ళడం కుదరదు. బాబాయినో పిన్నినో వెంట పిలవండి. పిల్లలకు ఉబ్బసం, మూర్ఛ, గుండె సమస్య వంటివి ఉంటే డాక్టరును అడిగాకే బయలుదేరండి.

## 2. కొండను ఎంచుకోవడం

మొదటిసారికి మంచి కొండ అంటే రెండు దారులున్న కొండ. మెట్లదారిన ఎక్కాలి, ఘాట్ రోడ్డున బండిలో దిగాలి. మన విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఆ అదృష్టం బాగానే ఉంది.

మంగళగిరి. విజయవాడ నుంచైనా గుంటూరు నుంచైనా దగ్గరే. పానకాల లక్ష్మీనరసింహస్వామి గుడికి మెట్లూ ఉన్నాయి, ఘాట్ రోడ్డూ ఉంది. తాతయ్య, నాయనమ్మలను బండిలో పైకి పంపి మీరు పిల్లలతో మెట్లెక్కండి. పైన స్వామికి పోసిన పానకంలో సగం తిరిగి ప్రసాదంగా ఇస్తారు. అలసిన పిల్లలకు బెల్లం నీళ్ళకు మించినది ఏముంది? పైగుడి మధ్యాహ్నం దాటాక మూసేస్తారు కాబట్టి సాయంత్రం ఎక్కుదామనుకోవద్దు.

ఉండవల్లి గుహలు. ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి. ఇది కొండ ఎక్కడం కిందికి రాదనే వాళ్ళున్నారు. మూడేళ్ళవాడికి మాత్రం ఆ నాలుగంతస్తుల రాతి గుహలే హిమాలయం. లోపలి రాతిమెట్లు ఎత్తుగా, నున్నగా ఉంటాయి, చెయ్యి వదలవద్దు. తొలి పరీక్షకు నేను చెప్పేది ఇదే.

కొండపల్లి ఖిల్లా. కోట దాకా రోడ్డు ఉంది. కాబట్టి పిల్లలకు శ్రమ కోట లోపల తిరగడంలోనే. గోడలు కూలిన అంచులు, నీటి గుంటలు, ఎత్తైన గడపలు ఉన్నాయి. పరుగెత్తే వయసు పిల్లలకు ఇక్కడ ఎండకంటే అంచులే ప్రమాదం. చుట్టూ రిజర్వు అడవి ఉంది. కాలిబాట కనిపించింది కదా అని అడవిలోకి దిగకండి.

కోటప్పకొండ. నరసరావుపేట దగ్గర. ఇక్కడా మెట్లు, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. కాకులు వాలని కొండ అని పేరు. ఆ లోటును కోతులు తీరుస్తాయి. మహాశివరాత్రి ప్రభల తిరునాళ్ళకు పసిపిల్లలతో మెట్లదారి పట్టవద్దు.

కొండవీడు కోట. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళే దారిలో లోపలికి తిరగాలి. పైన చెరువులు, కోట గోడలు, బాగా నడక. ఆరేళ్ళు దాటిన పిల్లలకు బాగుంటుంది. చిన్నవాళ్ళుంటే ఘాట్ రోడ్డున పైకి వెళ్ళి పైన చెరువుల చుట్టూ మాత్రం తిరిగి రండి.

ఏ కొండైనా సరే, పెద్దవాళ్ళలో ఒకరు ముందుగా ఒంటరిగా ఎక్కి చూసి రావడం మంచిది. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ కూర్చోవచ్చు, ఎక్కడ అంచు ఉంది, ఎక్కడ ఫోను పనిచేయడం లేదు అనే నాలుగు విషయాలు గుర్తుపెట్టుకుని రండి. వీడియోలు చూస్తే ఇవి తెలియవు. వాటిలో దారంతా ఐదు నిమిషాలే.

## 3. నెల, రోజు, గంట

నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మన కాలం. శివరాత్రి దాటితే రాళ్ళు వేడెక్కడం మొదలవుతుంది. ఉగాది తరువాత పిల్లలతో కొండ అనే మాట ఎత్తవద్దు. మే నెలలో బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా?

వాన పడితే ఆ తరువాత రెండు రోజులు పొడిగా గడవనివ్వండి. నవంబరులో తుఫానుల వల్ల మెట్ల మీద పాకుడు పడుతుంది. సంక్రాంతి రోజుల్లో మంచు ఎక్కువగా ఉంటే తెల్లవారుజామున నున్నటి రాళ్ళు జారతాయి. అప్పుడు అరగంట ఆలస్యంగా మొదలుపెట్టినా నష్టం లేదు.

ఇక గంటల లెక్క. పెద్దవారు ఒంటరిగా ఎక్కే సమయాన్ని రెండున్నర రెట్లు చేయండి. దిగడానికీ అంతే వేసుకోండి. మధ్యలో అరగంట విశ్రాంతి. ఉదాహరణకు మీరు నలభై నిమిషాల్లో ఎక్కే కొండ:

- 6:45 కింద మొదలు
- 8:25 పైకి
- 8:55 దిగడం మొదలు
- 10:35 కిందికి

ఇందులో ముఖ్యమైన అంకె 8:55. అది తిరుగు సమయం. అప్పటికి పైకి చేరినా, ఇంకా వంద మెట్లు మిగిలినా, గుడి గోపురం కళ్ళెదుట కనిపిస్తున్నా సరే, వెనక్కి తిరగాలి. "ఇంత దూరం వచ్చి దర్శనం చేసుకోకుండానా?" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అనేవారికి ముందురోజు రాత్రే తిరుగు సమయం చెప్పి ఒప్పించండి. కొండ మీద ఒప్పించలేరు.

మొదలయ్యే సమయం జారిపోయే చోటు ఇల్లే. ఆరింటికి బయలుదేరాలంటే సంచులు, బట్టలు, సీసాలు ముందురోజు రాత్రి తొమ్మిదికే తలుపు దగ్గర ఉండాలి.

## 4. రెండు వారాల అభ్యాసం

జిమ్ములు, వ్యాయామాలు అక్కరలేదు. అపార్ట్‌మెంటులో ఉంటే లిఫ్టు మానేయండి. రోజూ ఒకసారి మెట్లెక్కి దిగాలి. ఎక్కడం వాళ్ళ ఇష్టం వచ్చినట్లు ఎక్కనివ్వండి, దిగడం మాత్రం మీరు నేర్పండి: పక్క గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, దూకకుండా.

మొదటి ఆదివారం ఉండవల్లి, రెండో ఆదివారం ఏదైనా పార్కులో గంట నడక. అసలు రోజు వేసుకునే బూట్లు, మేజోళ్ళు ఈ రెండుసార్లూ వేయించండి.

ఇదే సమయంలో మూడు మాటలు అలవాటు చేయండి. "ఆగు" అంటే ఎక్కడున్నవాడు అక్కడే నిలబడాలి. "గోడవైపు" అంటే లోయ లేనివైపు జరగాలి. "చెయ్యి" అంటే వచ్చి చెయ్యి పట్టుకోవాలి. ఇంటి వరండాలో ఆటగా ఆడించండి. వారంలో పట్టుబడతాయి. "ఆగు" అన్నప్పుడు ఆగని పిల్లను మాత్రం కొండపల్లి కోట అంచులకు ఇంకో ఏడాది తీసుకెళ్ళవద్దు.

## 5. కాళ్ళకు, ఒంటికి

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మా చిన్నవాడికి ఐదేళ్ళప్పుడు కొండవీడు మెట్ల మీద "నాన్నా, బూటులో రాయి ఉంది" అన్నాడు. దులిపాను, ఏమీ లేదు. మళ్ళీ అన్నాడు. "ఏమీ లేదు, పద" అన్నాను. మూడోసారి అనలేదు, కుంటడం మొదలుపెట్టాడు. పైన కూర్చోబెట్టి మేజోడు తీస్తే, మడమ దగ్గర మేజోడు మడత పడి ఉంది, దాని కింద రూపాయి బిళ్ళంత పొక్కు. దిగడమంతా నా వీపు మీదే. పదిహేడు కిలోలు.

అప్పటి నుంచి మా ఇంటి నియమం: రాయి ఉంది అన్న ప్రతిసారీ బూటూ మేజోడూ రెండూ తీసి చూడటం.

- కొత్త బూట్లు వద్దు. కనీసం రెండు వారాలు వాడినవి కావాలి.
- బడికి వేసుకునే నల్లబూట్ల అడుగు నున్నగా ఉంటుంది, జారుతుంది. గాళ్ళు పడిన రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు మేలు.
- బూటు ముందు భాగంలో బొటనవేలి ముందు అర అంగుళం ఖాళీ ఉండాలి. దిగేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది. ఖాళీ లేకపోతే గోరు నల్లబడుతుంది.
- ముందురోజు కాలిగోళ్ళు కత్తిరించండి.
- మేజోళ్ళు ఒక జత అదనం.

గుడి మెట్లను చెప్పులు లేకుండా ఎక్కే ఆచారం మీ ఇంట్లో ఉంటే పిల్లలకు దళసరి నూలు మేజోళ్ళు తొడిగి ఎక్కించండి. తొమ్మిదిన్నర దాటితే రాయి కాలడం మొదలవుతుంది. మన పాదాలకు చురుక్కుమనేది పిల్లల పాదాలను బొబ్బలెక్కిస్తుంది.

బట్టలు పూర్తి చేతులవి, పూర్తి కాళ్ళవి, పలుచటి నూలువి, దూరం నుంచే కనిపించే లేతరంగువి. పట్టు పరికిణీ ఫొటో కోసం సంచిలో పెట్టుకోండి, పైన మార్చవచ్చు. పరికిణీ అంచు కాలికింద పడితే మెట్టు మీద బోర్లాపడతారు. తల మొత్తానికి నీడనిచ్చే టోపీ తప్పనిసరి. సెంటు, వాసన నూనెలు, తలలో పూలు వద్దు. ఎందుకో తేనెటీగల దగ్గర చెబుతాను.

## 6. పసివాళ్ళను మోయడం

చంకన వేసుకుంటే ఒక చెయ్యి పోతుంది, కాలికింద మెట్టు కనిపించదు. భుజాల మీద కూర్చోబెట్టుకోవడం పిల్లలకు ఇష్టం. చదునైన చోట ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ వద్దు. మనం తూలితే ఆరడుగుల ఎత్తు నుంచి పడేది వాళ్ళు.

నడుముకు బెల్టు ఉన్న బేబీ క్యారియర్ తీసుకోండి. మెడ నిలపలేని పసికందులను అసలు కొండకే తీసుకెళ్ళవద్దు. వీపు మీద మోసే రకం, బాగా కూర్చోవడం వచ్చాకే. మోసేవారి దగ్గర ఇంకే సంచీ ఉండకూడదు. క్యారియర్‌లో ఉన్న పిల్లలకు నడక లేదు కాబట్టి మనకు చెమట పడుతున్నా వాళ్ళ కాళ్ళు చల్లబడతాయి, లేదంటే ఎండ నేరుగా తగిలి వేడెక్కుతాయి. పావుగంటకోసారి కాళ్ళు, మెడ తడిమి చూడండి. కొమ్మల కింద నడిచేటప్పుడు మీ తలకంటే వాళ్ళ తల ఎత్తులో ఉందని గుర్తుంచుకోండి.

## 7. సంచిలో ఏముండాలి

- నీళ్ళు: పెద్దలకు తలా రెండు లీటర్లు, పిల్లలకు తలా లీటరు
- ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు, ఖాళీ లీటరు సీసా ఒకటి
- దూది, గాజుగుడ్డ, అతుకుపట్టీలు, చిన్న సబ్బు, కత్తెర, పట్టకారు
- పిల్లలకు డాక్టరు చెప్పిన జ్వరం మందు, మోతాదు కాగితం మీద రాసి
- నూలు తువ్వాళ్ళు రెండు (తుడుచుకోవడానికి, నీడకు, తడిపి మెడకు చుట్టడానికి, చెయ్యి విరిగితే కట్టడానికి)
- టార్చి, పూర్తిగా ఛార్జింగు ఉన్న ఫోను
- ఒక జత బట్టలు, చెత్తకు సంచి
- పిల్లల మెడలో ఈల

పిల్లల వీపు మీద చిన్న నీళ్ళసీసా తప్ప ఏమీ వద్దు. వాళ్ళు మోస్తామని తీసుకున్న ప్రతిదీ అరగంటలో మీ చేతికే వస్తుంది.

ఈల ఊదితే మూడుసార్లు ఊదాలి, ఊదినచోటే నిలబడాలి అని నేర్పండి. మీ ఫోను నంబరు కాగితం మీద రాసి పిల్లల జేబులో పిన్నుతో పెట్టండి. కింద బయలుదేరేముందు ఆ రోజు బట్టలతో ఒక ఫొటో తీయండి. తప్పిపోతే "ఏ రంగు చొక్కా?" అన్న ప్రశ్నకు కంగారులో జవాబు తట్టదు. ఇంట్లో ఉన్న ఎవరికైనా ఏ కొండ, ఎన్నింటికి దిగుతారు అన్నది చెప్పి వెళ్ళండి.

## 8. తిండి, నీళ్ళు

ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు, నిండు కడుపుతోనూ వద్దు. బయలుదేరేముందు రెండు ఇడ్లీలు చాలు, కారప్పొడి లేకుండా. కారం తిన్న పిల్లలు నీళ్ళన్నీ మొదటి అరగంటలోనే తాగేస్తారు. గుంటూరు వాళ్ళకు ఇది చెప్పడం సాహసమే.

దారిలో పెద్ద భోజనం పెట్టకుండా ముప్పావుగంటకోసారి కొంచెం కొంచెం పెట్టండి: చక్కెరకేళి అరటిపండు, సున్నుండ, నువ్వుండ, జామకాయ ముక్కలు. వేరుశెనగ గింజలు, వేరుశెనగ ఉండలు నాలుగేళ్ళ లోపు పిల్లలకు వద్దు. నడుస్తూ, నవ్వుతూ తింటే గింజ ఊపిరిగొట్టంలోకి పోతుంది. ఎవరికైనా సరే తినడం కూర్చున్నప్పుడే.

పులిహోర దిగాక తినడానికి. దద్దోజనం పదకొండు లోపు అయిపోవాలి, తరువాత పులుస్తుంది.

దాహం వేసే దాకా ఆగవద్దు. ఇరవై నిమిషాలకోసారి నాలుగైదు గుక్కలు తాగించండి. "తాగుతావా?" అని అడిగితే "వద్దు" అంటారు. అడగకుండా సీసా చేతికివ్వండి. ఓఆర్ఎస్ ఒక పెద్ద ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరు నీళ్ళలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో అందాజుగా కలపడం తప్పు. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి. డబ్బాల్లో వచ్చే తియ్యటి పానీయాలు దీనికి బదులు కావు.

మూత్రం సంగతి మరవద్దు. ఉదయం నుంచి పదింటి దాకా ఒక్కసారైనా పోయకపోతే, పోసినా ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు చాలడం లేదని అర్థం.

## 9. ఎక్కేటప్పుడు వరుస

ముందు ఒక పెద్దవారు, వెనక ఒక పెద్దవారు, మధ్యలో పిల్లలు. వేగం నిర్ణయించేది అందరికంటే చిన్న పిల్ల. ముందున్నవారు ఆమెకంటే పది మెట్లకు మించి ముందుకు పోకూడదు. లోయవైపు పెద్దవారు, గోడవైపు పిల్లలు.

మొదటి పావుగంట ఎంత నెమ్మదిగా వెళితే అంత మంచిది. అప్పుడు పిల్లలు పందెం పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వకండి. ఇరవై మెట్లు లెక్కపెట్టి ఆగడం, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. లెక్క తప్పితే నవ్వుకుని మళ్ళీ ఒకటి. మా పెద్దమ్మాయి అంకెలు నేర్చుకున్నది బడిలో కాదు, మంగళగిరి మెట్ల మీద.

ఎంత దూరం ఉందని అడిగితే "ఇంకో ఐదు నిమిషాలే" అనకండి. ఐదు నిమిషాలు గడిచాక మీ మాటకు విలువ పోతుంది. "ఆ వేపచెట్టు దాకా, అక్కడ అరటిపండు" అనండి. చెట్టు కంటికి కనిపిస్తుంది.

"కాళ్ళు నొప్పి, ఎత్తుకో" అన్నప్పుడు వెంటనే ఎత్తుకోవద్దు, కసరనూ వద్దు. ఈ వరుసలో చూడండి:

1. కూర్చోబెట్టి బూట్లు, మేజోళ్ళు తీయండి.
2. నీళ్ళు తాగించండి.
3. తీపి ఏదైనా పెట్టండి.
4. మూత్రం వస్తోందేమో అడగండి.
5. నుదురు, మెడ తాకి వేడి చూడండి.

నూటికి తొంభైసార్లు మూడోదాని దగ్గరే లేచి నిలబడతారు. ఐదూ అయ్యాక కూడా లేవకపోతే నిజంగా శక్తి అయిపోయినట్లే. గడియారం ఎంత చూపిస్తున్నా అదే తిరుగు సమయం.

తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి, మగతగా ఉండటం ఎండదెబ్బ గుర్తులు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ విసరండి. స్పృహలో ఉంటే ఓఆర్ఎస్ గుక్క గుక్కగా తాగించండి. మాట తడబడినా, తాగలేకపోయినా 108కు ఫోను చేయండి.

## 10. కోతులు, తేనెటీగలు, గింజలు, పాములు

కోతులు. ఒకసారి మెట్ల మీద మా ఆవిడ చేతిసంచిని కోతి లాక్కుపోయింది. అందులో తిండి లేదు, కారు తాళం ఉంది. గంటసేపు చెట్టు కింద నిలబడ్డాం. తాళం, ఫోను ప్యాంటు జేబులో ఉండాలి. పాలిథీన్ సంచి శబ్దం వింటే కోతి వస్తుంది, కాబట్టి తిండి గుడ్డసంచిలో అడుగున పెట్టండి. కోతిని చూసి పళ్ళు బయటపెట్టి నవ్వవద్దని, కళ్ళలోకి చూడవద్దని, పరుగెత్తవద్దని పిల్లలకు చెప్పండి. తిండి లాక్కుంటే వదిలేయాలి. కరిచినా గీరినా సబ్బుతో ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రేబిస్ టీకా సంగతి చూడాలి. "చిన్న గీతే కదా" అని పసుపు అద్ది ఊరుకోకూడదు.

తేనెటీగలు. రాతి చరియలకు, పెద్దచెట్లకు వేలాడే పెద్ద తేనెపట్లు కనిపిస్తే కింద ఆగవద్దు, మంట పెట్టవద్దు, రాయి విసరనివ్వవద్దు. సెంటు, పొగ, కేకలు వాటిని రేపుతాయి. లేస్తే చేతులు విసరకుండా పిల్లల ముఖం తువ్వాలుతో కప్పి దూరంగా పరుగెత్తండి. ముల్లును గోటితో పక్కకు గీరి తీయండి. చాలాచోట్ల కుట్టినా, పెదవులు వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆలస్యం చేయకుండా 108.

గింజలు, కాయలు. గురివింద గింజ ఎర్రగా, నల్లటి బొట్టుతో ముద్దుగా ఉంటుంది. నమిలితే ప్రాణం తీయగలదు. జేబులో దాచుకున్నవి ఇంటికి వచ్చాక నోట్లోకి పోతాయి, కాబట్టి కొండ మీదే జేబులు వెతకండి. ఉమ్మెత్త కాయ కూడా అంతే. సీతాఫలం, రేగుపండు మీరు చూసి ఇస్తేనే తినాలి.

చలికాలంలో ఎండే దురదగొండి కాయల నూగు తగిలితే పిల్లలు గొంతు చించుకుని ఏడుస్తారు. రుద్దవద్దు, గోకనివ్వవద్దు. అంటుకునే టేపును చర్మం మీద అద్ది లాగితే నూగు వచ్చేస్తుంది. ఆ తరువాత సబ్బునీళ్ళు. చొక్కా విప్పి సంచిలో విడిగా కట్టండి, లేదంటే మీకూ అంటుతుంది.

పాములు, తేళ్ళు. రాళ్ళు ఎత్తనివ్వవద్దు, కన్నాల్లో చేతులు పెట్టనివ్వవద్దు, గడ్డిలో కాలిబాట వదలవద్దు. విప్పిన బూట్లు దులిపే తొడగాలి. పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. పిల్లను నడిపించకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకు గుడ్డతో కట్టి, విరుగుడు ఇంజెక్షను ఉండే ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చండి. పామును చంపి తీసుకెళ్ళడానికి ఒక్క నిమిషం కూడా పోగొట్టవద్దు.

## 11. దిగడం

పైన విశ్రాంతి తీసుకున్నాక పిల్లలు మళ్ళీ హుషారవుతారు. ఈ హుషారును నమ్మవద్దు. పడిపోయేదంతా ఇప్పుడే.

బయలుదేరేముందు బూటు లేసులు విప్పి, మడమ వెనక్కి ఆనేలా కొట్టి, బిగించి కట్టండి. నీళ్ళు, తిండి ఇంకోసారి. ఇప్పుడు వరుస మారుతుంది: పిల్లకు ఒక మెట్టు కింద ఒక పెద్దవారు, ముఖం సగం పిల్లవైపు తిప్పి. పడితే మీ మీద పడాలి.

చెయ్యి పట్టుకోవడంలో చాలామంది చేసే పొరపాటు ఉంది. పిల్ల చెయ్యిని తలపైకి లాగి పట్టుకుంటారు. కాలు జారినప్పుడు ఒంటి బరువంతా ఆ చెయ్యి మీద పడి మోచేతి ఎముక పక్కకు జరుగుతుంది. ఐదేళ్ళ లోపు పిల్లల్లో ఇది తేలికగా జరుగుతుంది. మీరు కిందికి వంగండి, పిల్ల చెయ్యి తన భుజం ఎత్తు దాటకూడదు. లేదా మీ వేలు పిల్ల పట్టుకోవాలి. జరిగాక చెయ్యి కదపకుండా వేలాడేసి ఏడుస్తుంటే మీరు సరిచేయబోకండి, ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మోకాళ్ళు వణకడం కనిపిస్తే కూర్చోబెట్టండి. ఎత్తు ఎక్కువైన మెట్లను కూర్చుని జరుగుతూ దిగనివ్వండి, ప్యాంటు మాస్తే మాసింది. ఫోను జేబులో ఉండాలి. దిగుతూ సెల్ఫీలు తీసుకునే నాన్నలను ఎందరినో చూశాను.

ఘాట్ రోడ్డు ఉన్నచోట ఈ బాధంతా ఎందుకు? మొదటి రెండుసార్లు బండిలోనే దిగండి. నామోషీ ఏమీ లేదు.

## 12. ఇంటికి వచ్చాక

- స్నానం చేయిస్తూ చెవుల వెనక, చంకలు, గజ్జలు, నడుము దగ్గర పిడుదులు, చిన్న పురుగులు అంటుకున్నాయేమో చూడండి. పిడుదును పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగండి. కాల్చవద్దు, కిరసనాయిలు పోయవద్దు.
- వేసుకున్న బట్టలు మంచం మీద పడేయకుండా నేరుగా వేడినీళ్ళలో నానబెట్టండి.
- పొక్కును చిదపవద్దు. కడిగి అతుకుపట్టీ వేయండి.
- మరునాడు తొడలు నొప్పి అంటే మామూలే. ఒకే కాలు, ఒకే చోట నొప్పి, వాపు ఉంటే డాక్టరుకు చూపించండి.
- సంచిలో వాడిన ఓఆర్ఎస్, పట్టీలు ఆ రాత్రే తిరిగి నింపండి.

తరువాతి మూడు వారాల్లో పిల్లలకు జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా కాలిన మచ్చలా నల్లటి చెక్కు ఉందేమో వెతకండి. పొదల్లో ఉండే నల్లి లాంటి పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్‌లో అలాంటి మచ్చ కనిపించవచ్చు. త్వరగా గుర్తిస్తే మందులతో తగ్గుతుంది. మచ్చ ఉన్నా లేకపోయినా "పది రోజుల కిందట కొండకు వెళ్ళాం" అని డాక్టరు అడగకముందే చెప్పండి.